షెఫీల్డ్‌లో ఇల్లు కొన్నాం: కొండ, నది, బొగ్గు, 800 ఏళ్ళ లీజు

ఇంగ్లండ్‌లో ఈ షెఫీల్డ్‌లో ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళెవరైనా సరే, బెడ్‌రూములు ఎన్ని అని చూసేముందు ఆ ఇల్లు ఎంత ఎత్తులో ఉంది, కొండకి ఏ వైపున ఉంది అన్నది చూడండి. ధర, ఇన్సూరెన్స్, గోడల్లో చెమ్మ, మంచు పడ్డ రోజు ఆఫీసుకి వెళ్ళగలమా లేదా, ఆఖరికి ఆ పేటలో మనుషులు సగటున ఎన్నేళ్ళు బతుకుతారు అన్నదాకా ఇక్కడ చాలా సంగతులు ఆ ఎత్తు దగ్గరే తేలిపోతాయి. నాకిది ముందుగా ఎవరూ చెప్పలేదు, సొలిసిటర్ (ఇల్లు కొనేటప్పుడు కాగితాలు చూసే లాయరు) పంపిన కాగితాలు ఒక్కొక్కటే చదువుతూ పోతే తెలిసింది. మార్ట్‌గేజ్ రేట్లు, డిపాజిట్, స్టాంప్ డ్యూటీ లాంటివి ఏ వాట్సాప్ గ్రూపులో అడిగినా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. ఊరి గురించి రాస్తాను.

మాది విశాఖ, గాజువాక. నాన్న స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. మా ఆయనది గుంటూరు జిల్లా, ఎటు చూసినా చదునుగా ఉండే పల్లె. ఇద్దరం ఇక్కడికి చదువుకోడానికే వచ్చి ఇక్కడే ఉద్యోగాలు దొరికి ఉండిపోయాం, సిటీ సెంటర్లో అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం, పాప పుట్టాక ఇక ఇల్లు చూద్దామనుకున్నాం.

ఇల్లు అనగానే గుంటూరు నుంచి మావయ్యగారి మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. "తూర్పు గానీ ఉత్తరం గానీ అయితేనే చూడండమ్మా, నైరుతి ఎత్తుగా ఉండాలి, ఈశాన్యం పల్లంగా ఉండాలి." సరే అని ఫోన్‌లో మ్యాప్ తెరిచి చూపిస్తే ఆయనే ఆశ్చర్యపోయారు. ఈ ఊరికి పడమర, నైరుతి అంతా పెన్నైన్ కొండలు, పీట్ నేలల (నాచు, గడ్డి సగం కుళ్ళి పేరుకున్న తడి నేలల) బయళ్ళు. అక్కణ్ణుంచి షీఫ్, పోర్టర్, రివెలిన్, లాక్స్‌లీ అనే చిన్న నదులు చేతివేళ్ళలా విడివిడిగా లోయలు కోసుకుంటూ దిగి డాన్ నదిలో కలుస్తాయి, ఆ డాన్ ఈశాన్యంగా రాదరమ్ వైపు వెళ్ళిపోతుంది. పడమటి అంచున 500 మీటర్లు దాటిన ఎత్తు, ఈశాన్యంలో బ్లాక్‌బర్న్ మెడోస్ దగ్గర సముద్రమట్టానికి సుమారు 30 మీటర్లే. "ఊరు ఊరంతా వాస్తు ప్రకారం ఉందే!" అన్నారు మావయ్యగారు. ఆ పల్లపు ఈశాన్యంలోనే పొగ, వరద, పేదరికం మూడూ చేరాయన్న సంగతి ఆయనకి చెప్పలేదు. ఆ కథ కిందకి వస్తుంది.

2021 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ఐదున్నర లక్షల మంది ఉన్నారు. అంత మందీ ఉండేది నగరం హద్దుల్లో ఒక భాగంలోనే. దాదాపు మూడో వంతు పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్ కిందికి వస్తుంది, అది 1951లో ఏర్పడింది, బ్రిటన్‌లో మొట్టమొదటిది. అక్కడ కొత్త కాలనీ అన్న మాటే లేదు. దానికీ ఊరికీ మధ్య ఉన్న గ్రీన్ బెల్ట్ (ఇళ్ళు కట్టకుండా వదిలేసిన పచ్చని పట్టీ) ఇంకా పాతది, 1938 నాటిది, దాని వెనక ఎథెల్ హేథార్న్‌త్వెయిట్ అనే ఆవిడ పోరాటం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో భర్త పోయాక ఆ దుఃఖంలో కొండల్లో నడవడం మొదలుపెట్టి, 1924లో నలుగుర్ని కూడగట్టి, ఊరి చుట్టూ ఉన్న భూమి ప్లాట్లు కాకుండా జీవితాంతం కాపలా కాసింది. ఆవిడ పుణ్యమా అని మాకు బస్సెక్కితే అరగంటలో కొండ అంచు వస్తుంది. ఆవిడ పుణ్యమా అనే పడమటి పేటల్లో ఇళ్ళ ధరలు మాకు అందవు కూడా. రెండూ నిజమే.

ఎస్టేట్ ఏజెంట్ల వెబ్‌సైట్లలో ఫోటోలు చూస్తే వాలు అన్నది ఎక్కడా కనిపించదు, అంత నేర్పుగా తీస్తారు. "ట్రామ్ స్టాప్‌కి 10 నిమిషాలు" అని రాసి ఉంటుంది. దిగడానికి 10, ఎక్కడానికి మాత్రం స్ట్రోలర్ తోసుకుంటూ దానికి రెట్టింపు. విన్‌కోబ్యాంక్ దగ్గర జెన్‌కిన్ రోడ్ అని ఒకటుంది, 2014లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం యార్క్‌షైర్‌లో మొదలైనప్పుడు రెండో రోజు దాని మీదుగానే పంపారు, ఒకచోట వాలు 33 శాతం. ప్రపంచస్థాయి సైక్లిస్టులు పళ్ళు బిగబట్టి ఎక్కిన రోడ్డు మీద రెండు చేతుల్లో కూరగాయల సంచులతో పెద్దవాళ్ళు మామూలుగా నడిచి పోతుంటారు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా కారు తీసుకెళ్ళకుండా బస్సు దిగి నడిచి వెళ్ళేవాళ్ళం, ఇది మాత్రం అందరికీ చెప్తాను, కారులో కూర్చుంటే కొండ మీకు తెలియదు. వీధి మలుపుల్లో పసుపుపచ్చ గ్రిట్ డబ్బాలు ఉన్నాయా అని కూడా చూసుకోండి. మంచు పడితే బస్సులు వాలు ఎక్కలేక కిందే ఆగిపోతాయి, అప్పుడు ఆ డబ్బాలోని ఉప్పు పార తీసుకుని చల్లుకోవాల్సింది మనమే.

మాకు మొదట నచ్చింది కెల్హమ్ ఐలాండ్‌లో ఒక ఫ్లాట్. ఇప్పుడది ఫ్యాషన్ పేట, పాత ఫ్యాక్టరీల్లో కేఫ్‌లు, ఇటుక గోడల మీద బొమ్మలు. డాన్ నదికీ, మిల్లు కోసం ఎప్పుడో తవ్విన కాలువకీ మధ్య ఉన్న ముక్క నేల అది. మ్యూజియంలో 1905 నాటి రివర్ డాన్ ఇంజిన్ ఉంది, 12,000 హార్స్‌పవర్ ఆవిరి యంత్రం, దాన్ని ఇప్పటికీ తిప్పి చూపిస్తారు, తిరుగుతుంటే కాళ్ళ కింద నేల వణుకుతుంది. నాన్న వీడియో కాల్‌లో చూసి ఇంకోసారి తిప్పమని అడగమన్నారు.

ఫ్లాట్ బావుంది, కానీ అది నది పక్కన. 2007 జూన్ 25న డాన్ పొంగినప్పుడు ఈ పేటంతా, దిగువన మెడోహాల్ షాపింగ్ సెంటర్ కూడా మునిగాయి, ఆఫీసుల్లో చిక్కుకున్నవాళ్ళని హెలికాప్టర్లతో పైకి లాగారు, షెఫీల్డ్‌లో ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత గోడలు కట్టారు, గేట్లు పెట్టారు. అయినా ఇన్సూరెన్స్ కోట్ అడిగితే అసలు సంగతి బయటపడింది. వరద ప్రాంతాల ఇళ్ళకి ప్రీమియం అందుబాటులో ఉండేలా ఫ్లడ్ రీ అని ఒక పథకం ఉంది ఈ దేశంలో, 2016 నుంచి నడుస్తోంది. అది 2009 నుంచి కట్టిన ఇళ్ళకి వర్తించదు. ముంపు ప్రాంతమని తెలిసి కట్టినవాడికి రాయితీ ఎందుకు అన్నది అందులో ఉద్దేశం. న్యాయమే, కానీ కట్టినవాడు అమ్మేసి వెళ్ళిపోతాడు, కొన్నవాడు ఇరుక్కుంటాడు. మేం చూసినది కొత్త బిల్డింగ్. వదిలేశాం.

తర్వాత మాలిన్ బ్రిడ్జ్ దగ్గర ఒక టెర్రస్ ఇల్లు (గోడకి గోడ కలిపి వరసగా కట్టిన ఇళ్ళలో ఒకటి) చూశాం. లాక్స్‌లీ, రివెలిన్ నదులు కలిసే చోటు అది, ట్రామ్ అక్కడిదాకా వస్తుంది, ధర మా బడ్జెట్‌లో ఉంది. పక్కింటి పెద్దావిడ గేటు దగ్గర నిలబడి, "1864 గురించి తెలుసా లవ్?" అని అడిగింది. తెలియదన్నాను. ఇంట్లోకి పిలిచి టీ ఇచ్చి మరీ చెప్పింది.

ఊరికి వాయవ్యంగా లాక్స్‌లీ లోయ పైన డేల్ డైక్ అని మట్టికట్ట డ్యామ్ ఒకటి కట్టారు. ఫ్యాక్టరీలు పెరిగి, జనం పెరిగి, తాగునీళ్ళు చాలక కట్టిన డ్యామ్. మొదటిసారి నిండుతోంది. 1864 మార్చి 11, శుక్రవారం, గాలివాన. సాయంత్రం కట్ట మీద నడిచి ఇంటికి పోతున్న పనివాడికి ఒక పగులు కనిపించింది. ఇంజినీర్ గన్‌సన్ కోసం ఊళ్ళోకి మనిషిని పంపారు, ఆయన చీకట్లో వచ్చేసరికి రాత్రయింది. నీటి మట్టం దించడానికి అలుగుని మందుపెట్టి పేల్చబోయారు, అది పేలలేదు. ఆ తర్వాత కాసేపటికే, అర్ధరాత్రికి కొంచెం ముందు, కట్ట తెగింది. కనీసం 240 మంది చనిపోయారు, చాలామంది నిద్రలోనే. నీళ్ళు ఈ మాలిన్ బ్రిడ్జ్ దగ్గర వరసలకి వరసలు ఇళ్ళు తుడిచిపెట్టుకుని హిల్స్‌బరో మీదుగా సిటీ సెంటర్ దాటి పోయాయి. ఆ తర్వాత వాటర్‌వర్క్స్ కంపెనీ మీద నష్టపరిహారం కోసం జనం వేసిన వేల దరఖాస్తుల్ని ఇక్కడి ఒక యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో పెట్టింది, నేను ఒక రాత్రి కూర్చుని చదివాను. పోయిన పనిముట్లకింత, పరుపుకింత, మనిషికింత అని పద్దు రాసి ఉంటుంది.

ఆ వారాంతం డ్యామ్ చూడ్డానికి వెళ్ళాం. ఇప్పుడున్నది 1875లో కాస్త ఎగువన మళ్ళీ కట్టినది. పాత కట్ట ఉన్న చోట, చెట్ల మధ్య, మోకాలెత్తు రాయి ఒకటి ఉంది, దాని మీద సి, ఎల్, ఓ, బి అని నాలుగే అక్షరాలు. పాత కట్ట మధ్యగీత అని అర్థమట. చుట్టూ నాచు, పక్కనే గొర్రెల కంచె, ఇంకేం లేదు. మా ఆయన ఆ రాయి దగ్గర నిలబడి లోయ కిందకి చూసి, "ఇంత సన్న లోయ, నీళ్ళు పక్కకి పోవడానికి చోటే లేదు" అన్నాడు. కృష్ణ వరద చూసినవాడు కదా, అక్కడ నీళ్ళు మెల్లగా పొలాల మీద పరుచుకుంటాయి. ఇక్కడ లోయలు గొట్టాలు.

మాలిన్ బ్రిడ్జ్ ఇల్లు చెడ్డది కాదు, నిజానికి వీధి మొత్తంలో ఒక వైపు వరద జోన్‌లో ఉంది, మేం చూసిన వైపు లేదు. కానీ వేరే ఎవరో మాకంటే ఎక్కువ ఆఫర్ పెట్టారు.

ఇక తూర్పు వైపు వెళ్ళాం. అక్కడ ఇళ్ళు చవక, గదులు పెద్దవి, నేల కాస్త చదును. ఎందుకు చవక అని నాన్నని అడిగితే ఆయన ఊరు చూడకుండానే చెప్పేశారు. "చదును నేల ఎక్కడుంటే పెద్ద ప్లాంట్ అక్కడే పెడతారు, గాలి ఎటు వీస్తే పొగ అటు పోతుంది." సరిగ్గా అంతే. మొదట్లో ఈ ఊరి ఇనప పని అంతా కొండవాగుల మీద జరిగేది. నీళ్ళు నిటారుగా దిగుతాయి కాబట్టి చక్రాలు తిరుగుతాయి, సానరాళ్ళకి కావలసిన మిల్‌స్టోన్ గ్రిట్ రాయి కొండ అంచుల్లోనే దొరుకుతుంది. పోర్టర్ వాగు మీద షెపర్డ్ వీల్ అని పాత సానపట్టే షెడ్ ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూడండి, ఎంట్రీ ఫ్రీ. అక్కడ వంగి కూర్చుని కత్తులకి సానపట్టినవాళ్ళు ఆ రాతి దుమ్ము పీల్చి చిన్న వయసులోనే పోయేవారు.

1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ మూసల్లో ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టాక, 1858లో ఉక్కు చవగ్గా చేసే పద్ధతి కనిపెట్టిన బెస్సెమర్ ఇక్కడ ప్లాంట్ పెట్టాక పని వాగుల మీద నుంచి దిగి డాన్ దిగువ లోయకి, చదును నేలకి వచ్చింది. 1913లో హ్యారీ బ్రేర్లీ తుప్పు పట్టని ఉక్కు చేసింది ఈ ఊళ్ళోనే. నాన్నకి ఈ పేర్లన్నీ ట్రైనింగ్ రోజుల నుంచి తెలుసు, నాకు మాత్రం మా వీధి నుంచి బస్సు దూరంలో జరిగిందని ఇల్లు వెతుకుతున్నప్పుడే తెలిసింది. ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. అందుకని యజమానులు పడమటి కొండల మీద బ్రూమ్‌హిల్, రాన్‌మూర్‌లలో బంగళాలు కట్టుకున్నారు, కూలీలు పొగ కింద అటర్‌క్లిఫ్, బ్రైట్‌సైడ్‌లలో ఉన్నారు. 1956లో క్లీన్ ఎయిర్ యాక్ట్ వచ్చింది, తర్వాత 80ల్లో ఫ్యాక్టరీలే మూతపడ్డాయి, హ్యాడ్‌ఫీల్డ్స్ ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న చోటే 1990లో మెడోహాల్ మాల్ తెరిచారు. పొగ పోయింది, గీత పోలేదు. 2013లో ఊరి ఫెయిర్‌నెస్ కమిషన్ రిపోర్టు ఒకటి వచ్చింది, అందులో 83 నంబర్ బస్సు గురించి రాశారు. మిల్‌హౌసెస్‌లో ఆ బస్సెక్కే చోట ఆడవాళ్ళ సగటు ఆయుర్దాయం 86.3 ఏళ్ళు, 40 నిమిషాల తర్వాత బర్న్‌గ్రీవ్‌లో దిగేచోట 76.9. అది చదివిన తర్వాత నేను ఆ బస్సులో మామూలుగా కూర్చోలేకపోయాను.

కానీ ఆ తూర్పు లోయలోనే నాకు ఈ ఊళ్ళో అన్నిటికంటే ఇష్టమైన సంగతి కూడా ఉంది. డాన్ ఒడ్డున ఫైవ్ వెయిర్స్ వాక్ అని నడకదారి ఉంది, పాత ఆనకట్టల పక్కగా పోతుంది. అక్కడ అంజూర చెట్లు ఉన్నాయి. ఇంత చలి ఊళ్ళో నది గట్టున అడవి అంజూర! ఉక్కు ఫ్యాక్టరీలు వేడి చల్లార్చుకోడానికి నది నీళ్ళు వాడుకుని మళ్ళీ వదిలేసేవి, దాంతో నది ఏడాది పొడుగునా 20 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉండేది. జనం తిన్న అంజూర గింజలు మురుగునీళ్ళతో వచ్చి ఆ వెచ్చటి గట్టున మొలిచాయి. ఆలివర్ గిల్బర్ట్ అనే ఇక్కడి యూనివర్సిటీ వృక్ష శాస్త్రవేత్త ఆ లెక్క తేల్చాడు. ఫ్యాక్టరీలు పోయాక నది చల్లబడింది, కొత్త మొక్కలు రావడం లేదు, ఉన్న చెట్లు మాత్రం గోడల్లోంచి పెద్ద పెద్ద ఆకులు చాచి బతుకుతున్నాయి. కాయలు పండవు, నేను కొరికి చూశాను, పాలు కారుతూ పచ్చిగా ఉన్నాయి. ఆనకట్టలకి పక్కన చేపలు ఎక్కే మెట్లు కట్టారు కాబట్టి సాల్మన్ చేపలు కూడా మళ్ళీ పైకి వస్తున్నాయంటారు, నాకైతే కనబడలేదు.

తూర్పున హ్యాండ్స్‌వర్త్‌లో ఒక సెమీ డిటాచ్డ్ ఇల్లు (ఒక వైపు మాత్రమే పక్కింటితో గోడ కలిసినది) నచ్చి ఆఫర్ పెట్టాం, ఒప్పుకున్నారు. ఇంగ్లండ్‌లో పద్ధతి తెలియనివాళ్ళకి: ఆఫర్ ఒప్పుకున్నంత మాత్రాన ఏమీ కాదు, కాంట్రాక్టులు మార్చుకునేదాకా ఎవరైనా తప్పుకోవచ్చు. మధ్యలో సొలిసిటర్ సెర్చ్‌లు, అంటే రికార్డుల తనిఖీలు, చేయిస్తాడు: కౌన్సిల్‌ది ఒకటి, నీళ్ళూ డ్రైనేజీది ఒకటి, ఎన్విరాన్‌మెంటల్ ఒకటి, షెఫీల్డ్ లాంటి చోట బొగ్గు గనుల రిపోర్టు కూడా. పడమట మిల్‌స్టోన్ గ్రిట్ రాయి, తూర్పున దాని పైన బొగ్గు పొరలు, ఆ పొరలు తూర్పుకి వంగి ఉంటాయి కాబట్టి కొన్నిచోట్ల బొగ్గు నేల పైకే తేలేది, జనం ఎప్పటినుంచో తవ్వుకున్నారు, అధికారిక మ్యాపుల కంటే ముందునుంచీ. మా రిపోర్టులో రెండు విషయాలున్నాయి. ఇంటి కింద పాత గనులు పనిచేశాయి, నేల కుంగడం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది అన్నది ఒకటి, అది ఆ వైపు అందరికీ వస్తుందట, భయపడక్కర్లేదన్నాడు సొలిసిటర్. రెండోది, స్థలం హద్దుకి 20 మీటర్ల లోపల పాత గని నోరు ఒకటి నమోదై ఉంది, దాన్ని ఎలా పూడ్చారన్న రికార్డు లేదు. బ్యాంకు ఇంజినీర్ రిపోర్టు కావాలంది, అమ్మేవాళ్ళు అంతదాకా ఆగలేమన్నారు. టెన్షన్‌తో ఆ నెలంతా నిద్రల్లేవు, చివరికి డీల్ పోయింది. ఒక మాట చెప్పాలి, ఆ ఇంటికి దగ్గర్లోనే ఆర్‌గ్రీవ్, 1984 జూన్ 18న సమ్మెలో ఉన్న గని కార్మికులకీ పోలీసులకీ పెద్ద గొడవ జరిగిన చోటు. ఇప్పుడక్కడ కొత్త ఇళ్ళ కాలనీ, చెరువులు.

ఆఖరికి దొరికింది క్రూక్స్‌లో, ఊరికి పడమటి కొండ మీద, రాతి ముఖం ఉన్న విక్టోరియన్ టెర్రస్ ఇల్లు. చిన్నది, నిటారు మెట్లు, అటకలో ఒక గది, కింద సెల్లార్. వీధి చివరికి నడిస్తే బోల్ హిల్స్, అక్కణ్ణుంచి రివెలిన్ లోయ కనిపిస్తుంది. ఎప్పుడో అక్కడ కొండ గాలిని వాడుకుని సీసం కరిగించేవారట, ఇప్పుడు పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు, గాలి మాత్రం అదే. ఇంటి ముఖం ఉత్తరం, మావయ్యగారు శాంతించారు.

సర్వేయర్ రిపోర్టు లావు చూసి గుండె గుభేల్‌మంది, కానీ చదివితే అందులో సగం కొండ గురించే. గోడలు గట్టి రాయి, మధ్యలో ఖాళీ లేదు, కాబట్టి చలి, చెమ్మ. ముందు తలుపు దగ్గర నేలమట్టంలో ఉన్న ఇల్లు వెనక్కి వెళ్ళేసరికి ఒక అంతస్తు ఎత్తులో ఉంటుంది, ఆ తేడాని పట్టి ఉంచే రిటైనింగ్ వాల్ ఎవరిది, మనదా వెనకింటివాళ్ళదా? కాగితాల్లో లేదు. ఇది ఇక్కడ కొనేవాళ్ళు తప్పకుండా అడగండి, ఆ గోడ కూలితే బాగుచేయించే ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో ముందే తెలియాలి. రెండిళ్ళ మధ్య నుంచి పెరట్లోకి పోయే సందు ఉంది, దాని పైన మా పడకగది ఉంది, కింద సందు అందరిది, పైన గది మాది, ఫ్రీహోల్డ్ (నేలతో సహా సొంతమైన) ఇళ్ళలో ఇలాంటిదాన్ని ఫ్లయింగ్ ఫ్రీహోల్డ్ అంటారు, కొన్ని బ్యాంకులు దీనికే మొహం తిప్పుకుంటాయి. నీళ్ళ పైపు సీసపుదేమో చూడమని రాశాడు. పీట్ నేలల మీద నుంచి వచ్చే నీళ్ళు మెత్తటివి, కెటిల్‌లో తెల్ల పొర అంటూ పట్టదు, టీ బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఆ మెత్తటి పుల్ల నీళ్ళే సీసాన్ని కరిగిస్తాయి. 1880ల్లో ఈ ఊళ్ళో అలా చాలామందికి సీసం విషం ఎక్కింది. మాది మార్పించి ఉంది, బతికిపోయాం.

అమ్మేవాళ్ళు నింపే ఫారంలో జపనీస్ నాట్‌వీడ్ ఉందా అన్న ప్రశ్న ఉంటుంది. నదుల గట్లన్నీ ఆక్రమించిన మొక్క అది, పునాదుల దాకా వస్తుందని బ్యాంకులు హడలిపోతాయి. దాని తోడుగా హిమాలయన్ బాల్సమ్ కూడా రివెలిన్ గట్టున గులాబీ రంగులో విరగబూస్తుంది, 19వ శతాబ్దంలో తోటల కోసం మన హిమాలయాల నుంచి తెచ్చుకున్నారు, ఇప్పుడు ప్రతి వేసవీ వాలంటీర్లు పీకి పోగులు పెడుతుంటారు. నేనూ ఒక ఆదివారం వెళ్ళి పీకాను. మన దేశం మొక్కని మనమే పీకడమేంటని మా ఆయన నవ్వాడు.

ఇంటి ముందు వీధిలో పెద్ద లైమ్ చెట్టు (నిమ్మ కాదు, లిండెన్ అని కూడా అంటారు) ఉంది, సర్వేయర్ దాని వేళ్ళ గురించి ఒక పేరా రాశాడు. చెట్టు కొట్టించవచ్చా అని వీధిలో ఎవర్నీ అడక్కండి, నా సలహా. 2012లో కౌన్సిల్ రోడ్ల మరమ్మతులకి 25 ఏళ్ళ కాంట్రాక్టు ఇచ్చింది, అందులో వీధి చెట్లు 17,500 దాకా తీసేసి కొత్తవి నాటే లెక్క ఉంది. ఐదు వేలకి పైగా కొట్టేశారు. 2016 నవంబర్ 17న తెల్లవారకముందే పోలీసులతో వచ్చి రస్ట్‌లింగ్స్ రోడ్‌లో జనాన్ని నిద్రలేపి, కార్లు తీయించి మరీ చెట్లు కొట్టారు, అడ్డుపడిన రిటైర్డ్ ఆడవాళ్ళని అరెస్ట్ చేశారు. దాంతో ఊరు ఊరంతా రోడ్డెక్కింది. 2018లో ఆపారు, 2023లో మార్క్ లోకాక్ విచారణ రిపోర్టు కౌన్సిల్‌ని గట్టిగా తప్పుపట్టింది, కౌన్సిల్ క్షమాపణ చెప్పింది. మా వీధి చెట్టుకి ఇప్పటికీ ఆ గొడవల్లో ఎవరో కట్టిన పసుపుపచ్చ రిబ్బన్ ముక్క ఒకటి బెరడులోకి దిగిపోయి ఉంది. అది ఎవరూ తీయరు.

ఇక లీజు. ఇల్లు మనదే కానీ కింద నేల ఇంకొకరిది, 1890ల్లో మొదలైన 800 ఏళ్ళ లీజు అని సొలిసిటర్ రాయగానే మా ఆయన, "అంటే ఖాళీ ఎప్పుడు చెయ్యాలి?" అన్నాడు. 2690ల్లో. ఈ ఊళ్ళో ఇది మామూలే, 200 ఏళ్ళవీ 800 ఏళ్ళవీ 999వీ ఉన్నాయి. భూమి పెద్ద జమీందార్ల చేతుల్లో ఉండేది, అందరికంటే పెద్దవాడు నార్ఫోక్ డ్యూక్. సిటీ సెంటర్లో నార్ఫోక్, హోవార్డ్, అరండెల్ అన్న వీధి పేర్లన్నీ ఆ కుటుంబానివే. దీనికి విసిగిపోయిన కార్మికులు 1849 నుంచి వాక్లీ కొండ మీద చందాలు వేసుకుని, సొసైటీలు పెట్టుకుని, భూమి సొంతంగా కొని ఇళ్ళు కట్టుకున్నారు. మా ఇంటికి కాస్త దూరంలోనే ఆ వీధులు, ముక్కలు ముక్కలుగా ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు కట్టుకున్నారు కాబట్టి రెండిళ్ళు ఒకలా ఉండవు. అవి దొరికితే అవే కొనండి.

మా లీజు కాగితంలో ఇంట్లో బీరు అమ్మకూడదు, వాసన వచ్చే వ్యాపారం చెయ్యకూడదు అని రాసి ఉంది. మా వంటింట్లో ఎండుచేపలు వేగితే అది వ్యాపారం కిందకి రాదు కదా అని సొలిసిటర్‌ని అడిగాను, ఆయన నిజంగానే సీరియస్‌గా రాదు అని ఈమెయిల్ పెట్టాడు.

ఎక్స్ఛేంజ్ రోజు, అంటే కాంట్రాక్టులు మార్చుకునే రోజు, ఏమీ జరగలేదు, ఒక ఫోన్ కాల్ అంతే. కంప్లీషన్ రోజు మధ్యాహ్నం తాళాలు ఇచ్చారు. సామాన్ల వ్యాన్ డ్రైవర్ మా వీధి వాలు చూసి మొదటి గేరులో ఎక్కించి, చక్రాల కింద చెక్కముక్కలు పెట్టి, ఫ్రిజ్ దించేదాకా వ్యాన్ పక్కనుంచి కదల్లేదు. సెల్లార్లో ఒక మూల బొగ్గు మసి ఇంకా ఉంది, వీధిలోంచి బొగ్గు పోసే కన్నానికి ఇనప మూత కూడా ఉంది, పాప దాని మీద ఎక్కి గెంతుతుంటుంది. వర్షాకాలం అంటూ వేరే లేదు కదా ఇక్కడ, వాన పడ్డ ప్రతిసారీ నీళ్ళు మా వీధిలోంచి చప్పుడు చేసుకుంటూ కిందకి దిగిపోతాయి, ఎవరికి పోతాయో ఇప్పుడు నాకు తెలుసు. సిటీ సెంటర్లో వెస్ట్ బార్ దగ్గర రోడ్డు సగానికి తగ్గించి, ఆ నీళ్ళని పీల్చుకునే పూలపాదులు వేశారు, గ్రే టు గ్రీన్ అంటారు. ఊరు చూడ్డానికి వస్తే స్టేషన్ నుంచి పదిహేను నిమిషాల నడక.

గ్రౌండ్ రెంట్ (కింద నేలకి కట్టే అద్దె) ఏడాదికి కొన్ని పౌండ్లే, ఒక కాఫీ, ఒక కేకు అంత. 1967 చట్టం ప్రకారం ఫ్రీహోల్డ్ మనమే కొనుక్కోవచ్చు, కానీ దానికి ముందు ఆ నేల ఇప్పుడు ఎవరిదో తేలాలి, పాత యజమాని వారసులు చేతులు మార్చి మార్చి ఎక్కడికి పోయిందో మాకు తెలియదు, ఇప్పటిదాకా రెంట్ కట్టమని ఉత్తరం కూడా ఎవరూ రాయలేదు. వెతికి పెట్టడానికి సొలిసిటర్ చెప్పిన ఫీజు విని ప్రస్తుతానికి ఊరుకున్నాం. బాయిలర్ మార్చాక చూద్దాం అంటున్నాడు మా ఆయన.